పుట్టకముందే పడిపోయే నడుము: గొర్రెపిల్లల్లో రాగి లోపం కథ

వెనక కాళ్లు ఈడ్చే గొర్రెపిల్ల కనబడితే మందలో తొక్కుడు పడిందనో, వాతమనో అనుకోవడం అనంతపురం, కర్నూలు పల్లెల్లో మామూలే. పిల్ల చురుగ్గానే ఉంటుంది. పొదుగు అందిస్తే తాగుతుంది, జ్వరం ఉండదు, కీళ్లు వాయవు. నాలుగడుగులు తరిమితే మాత్రం నడుము పక్కకు ఊగి, కుక్క కూర్చున్నట్టు కూలబడుతుంది. కొన్నిటికి పుట్టుకతోనే, కొన్నిటికి రెండు మూడు నెలల వయసులో ఇది బయటపడుతుంది. ఇంగ్లండ్ కాపరులు దీన్ని స్వేబ్యాక్ అన్నారు.

కారణం 1937లో పశ్చిమ ఆస్ట్రేలియాలో తేలింది. అక్కడ బెన్నెట్స్, చాప్‌మన్ అనే పరిశోధకులు చూడి గొర్రెల్లో రాగి తక్కువైతే పిల్లల నరాలు చెడతాయని చూపారు. నరం చుట్టూ ఉండే మైలిన్ పొర సరిగ్గా ఏర్పడాలంటే రాగితో పనిచేసే ఎంజైములు కావాలి. గొర్రె చూడి దాదాపు 150 రోజులు. పిల్ల మెదడుకు మైలిన్ పట్టేది సగం దాటాక, వెన్నుపాముకు ఎక్కువగా చివరి మూడు వారాల్లో. అప్పుడు జరిగిన నష్టాన్ని పుట్టాక ఏ మందూ పూడ్చదు.

చిక్కేమిటంటే, బ్రిటన్‌లో మేతలో రాగి చాలినంత ఉన్న చోట్లా ఈ జబ్బు వచ్చింది. సోమర్సెట్ బీళ్లలో పశువులు పారుకుని చిక్కిపోవడానికి మేతలోని మాలిబ్డినం అనే ఖనిజం కారణమని 1938లో తెలిసింది. మాలిబ్డినం, గంధకం పెద్దపొట్టలో కలిసి రాగిని కట్టేస్తాయి, ఒంటికి పట్టనివ్వవు. ఇనుమూ అడ్డే. ఎండాకాలం గడ్డి కురచై, ఎర్ర నేలను నాకుతూ మేసే మందల్లో మట్టితోపాటు ఇనుమూ లోపలికి పోతుంది. తెలుగు నేల మీద ఈ లెక్క మనుషుల విషయంలోనూ బయటపడింది: 1970ల్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న గ్రామాల్లో మోకాళ్లు వంకర్లు తిరగడాన్ని పరిశీలిస్తూ జొన్నల్లో మాలిబ్డినం, రాగి పాళ్లను పట్టించుకుంది. అనంతపురం బోర్లలోనూ ఫ్లోరైడ్ పాత సమస్యే. ఇక్కడి మేతనూ ఆ కంటితో చూడాలి.

పాతకాలంలో కడుపు పురుగులకు ఒక శాతం మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లు పట్టేవారు. 1961లో థయాబెండజోల్ అనే పురుగుల మందు, తర్వాత దాని జాతి మందులు వచ్చాక అది మూలపడింది. పురుగుల మందుగా పోసినా దాంతో కొంత రాగి అందేదనుకోవడం సబబే. అలాగని ఇప్పుడు మళ్లీ కొలత లేకుండా పోయడం ప్రాణం మీదికి తెస్తుంది. గొర్రె కాలేయం రాగిని వదలదు, దాచుకుంటుంది. ఎండకో, దూరపు నడకకో ఒక్కసారిగా రక్తంలోకి వదిలితే కళ్లు పచ్చబడి, నల్లటి మూత్రం పోసి గొర్రె చస్తుంది. ఆవుల ఖనిజ మిశ్రమంలో రాగి గొర్రెకు మించినది, అదీ పెట్టకూడదు.

ముందు నిర్ధారణ కావాలి. తల వెనక్కి విరిచి, చూపు పోయినట్టుంటే అది బి1 విటమిన్ లోపం కావచ్చు. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల థయమిన్ (అదే బి1) వెంటనే ఇస్తే చాలావరకు కోలుకుంటుంది. నడుమే పడితే, చనిపోయిన పిల్ల మెదడు, వెన్నుపాము పది శాతం ఫార్మలిన్‌లో, కాలేయం ముక్క ఐసులో పెట్టి, ఎనిమిది పది తల్లుల రక్తం నమూనాలతోపాటు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకో, జిల్లా పశువ్యాధి నిర్ధారణ కేంద్రానికో పంపించాలి. రాగి లోపమని తేలితే, చూడి సగంలో పెద్ద గొర్రెకు సూదుల్లాంటి సన్నటి కాపర్ ఆక్సైడ్ ముక్కలు నింపిన 4 గ్రాముల గొట్టం మింగించాలి, అదీ డాక్టరు చేతి మీదుగా.