పాలమూరు నల్ల గొర్రె: ఆ రంగు ఎలా నిలిచింది, ఎలా చెదిరింది

మక్తల్, నారాయణపేట, కోస్గి దారుల్లో ఇప్పుడు గొర్ల మంద ఎదురైతే బస్సు కాసేపు ఆగుతుంది. కిటికీలోంచి చూస్తే తెల్లవి, ఎర్రవి, మచ్చలవి కనిపిస్తాయి. పొడుగు కాళ్ళు, ఒంటి మీద ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలు. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి నల్లది. నేను చిన్నప్పుడు చూసిన మందలు ఇలా ఉండేవి కావు. దూరం నుంచి చూస్తే నల్లరేగడి చేనే కదిలి వస్తున్నట్టు ఉండేది. అందులో తెల్లది ఉంటే అదే కొట్టొచ్చినట్టు కనిపించేది.

గొర్రెల పథకాల గురించి, మటన్ ధర గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. రంగు గురించి మాత్రం మాట్లాడం. అది కంటికి సంబంధించిన విషయమే కదా అనుకుంటాం. కానీ పాలమూరు మందల్లోని ఆ నలుపును మనుషులు ఒక అవసరం కోసం తరాల తరబడి ఏరి నిలబెట్టారు. ఆ అవసరం తగ్గిన రోజు నుంచే నలుపు తగ్గడం మొదలైంది.

ఈ గొర్రెకు పుస్తకాల్లో దక్కని అని పేరు. మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటక, పడమటి తెలంగాణ, అంటే దక్కన్ పీఠభూమిలో వానలు తక్కువ పడే మెట్ట ప్రాంతమంతా దీని ఇల్లు. మన దగ్గర దీన్ని నల్ల గొర్రె అనో, ఉన్ని గొర్రె అనో అంటారు. మరీ పెద్ద జీవం కాదు. ముక్కు దూలం వంపు తిరిగి ఉంటుంది, చెవులు కిందికి వాలి ఉంటాయి. రోజంతా నడుస్తుంది. తుమ్మకాయ, ఎండుగడ్డి, కోసిన చేలో మిగిలిన కొయ్యలు, ఏది దొరికితే అది తిని నిలబడుతుంది. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, అది కూడా నమ్మకం లేని చోట ఇలాంటి జీవమే బతుకుతుంది. పశువుల మందలతో బతకడం ఈ నేలకు కొత్త కాదు. మక్తల్ వైపు ఉట్నూరులో తవ్వితే కొత్త రాతియుగం నాటి బూడిద దిబ్బ బయటపడింది. పశువుల దొడ్డి మీద దొడ్డి కట్టి, పేడ కాలి పేరుకున్న దిబ్బ అది. అందులో గిట్టల గుర్తులు కూడా అచ్చుపడి ఉన్నాయి.

నల్ల గొర్రెను ఎక్కువగా పెంచింది కురుమలు. గొల్లలు మొదటి నుంచీ వెంట్రుకల గొర్రెలనే ఎక్కువ పెంచారు. పడమటి వైపు పాలమూరులో ఉన్ని మందలు, తూర్పు వైపు కృష్ణ దాటి వచ్చిన వెంట్రుకల మందలు, మధ్యలో నల్లగొండలో రెండూ. పాత పటం స్థూలంగా ఇది. కురుమలకు గొర్రె అంటే మాంసం, ఎరువుతో పాటు ఉన్ని కూడా. మగవాళ్ళు కత్తెరతో ఉన్ని కత్తిరిస్తే, దాన్ని ఏకి, వడికి, గుంట మగ్గం మీద గొంగడి నేసేవాళ్ళు. పోగు గట్టిపడడానికి చింతగింజల గంజి పెట్టేవాళ్ళు. ఇందులో ఎక్కడా రంగు వేసే పని లేదు. గొర్రె ఒంటి మీద ఉన్న రంగే గొంగడి రంగు.

రంగు గొడవ అంతా ఇక్కడే ఉంది. ఒక కోతలో ఒక్క గొర్రె ఇచ్చే ఉన్ని కొన్ని వందల గ్రాములే. ఏడాదికి రెండు కోతలు కోసినా కిలో దాటదు. ఒక గొంగడి నేయాలంటే చాలా గొర్రెల ఉన్ని కలవాలి. అందులో ఒకటి నలుపు, ఒకటి చామన, ఒకటి మచ్చలది అయితే బట్ట చారలు చారలుగా వస్తుంది, సంతలో ధర పడిపోతుంది. మంద అంతా ఒకే రంగులో ఉంటే ఉన్ని వేరు చేసే శ్రమ తగ్గుతుంది. అందుకే నల్ల పిల్లను ఉంచుకున్నారు, వేరే రంగు పిల్లను అమ్ముకున్నారు. ఇలా ఎన్నో తరాలు. అంచుకు తెల్ల పోగు కావాలి కాబట్టి మందలో నాలుగు తెల్ల ఉన్ని గొర్రెలను కూడా పోగొట్టుకోలేదు. బూడిద రంగువి, నలుపు తెలుపు కలిసినవి కూడా ఉండేవి. దక్కని అంటే పూర్తి నలుపే అని ఇప్పుడు కొందరు అంటుంటే నాకు కొంచెం భయం వేస్తుంది. ఈ చిన్న రంగులు కూడా ఆ పాత ఎంపికలో భాగమే.

గొంగడి అంటే కాపరికి ఇల్లు లాంటిది. ముతక ఉన్ని పోగులో సహజంగా ఉండే జిడ్డు వల్ల, అల్లిక బిగువు వల్ల వాన నీళ్ళు వెంటనే లోపలికి దిగవు. తల మీదికి మడిచి కప్పుకుంటే గొడుగు, పరిస్తే పక్క, చలికి దుప్పటి. కురుమల పెళ్ళిలో గొంగడి పరవాలి, వాళ్ళ కులదైవం బీరప్ప కొలుపులో గొంగడి ఉండాలి. తెలుగు మాటలోకి కూడా అది దిగిపోయింది. పని ముందుకు సాగకపోతే ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అంటాం. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుతున్నాడని ఒకరిని దెప్పుతాం. 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొర మనుషుల తూటాకు బలైన దొడ్డి కొమురయ్య కూడా కురుమ ఇంటి బిడ్డే. ఆ తర్వాత గొంగడి భుజం మీద వేసుకోవడం తెలంగాణలో ఎదిరించి నిలబడడానికి గుర్తు అయింది. దేవరకద్ర సంతలో గొంగళ్ళు చేతులు మారుతున్నంత కాలం, పాలమూరు మందలో నలుపుకు లోటు రాలేదు.

మందలో రంగు నిలబెట్టేది పొట్టేలు. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన నష్టమంతా ఈ ఒక్క చోటే జరిగింది.

ఇరవై, పాతిక గొర్రెలకు ఒక విత్తనపు పొట్టేలు చాలు. అంటే ఆ ఏడాది పుట్టే పిల్లలన్నిటిలో సగం రక్తం ఆ ఒక్క జీవానిది. గొర్రెల్లో నలుపు రెండు దారుల్లో దిగుతుంది. ఒక రకం నలుపు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచి వచ్చినా పిల్ల మీద కనిపిస్తుంది. రెండో రకం ఇద్దరి నుంచీ వస్తేనే కనిపిస్తుంది, లేకపోతే తెల్ల జీవంలో దాగి ఉండి ఒక తరం తర్వాత బయటపడుతుంది. ఈ లెక్క కాపరులు బళ్ళో నేర్చుకోలేదు. కానీ పొట్టేలు పిల్లను ఎంచేటప్పుడు దాని తల్లిని, తండ్రిని, గుర్తుంటే తాత పొట్టేలును కూడా చూసేవాళ్ళు. దాగి ఉన్న రంగును పట్టుకోవడానికి అంతకంటే మంచి పద్ధతి ఆ రోజుల్లో ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు నల్ల మందలోకి తెల్ల నెల్లూరు పొట్టేలు, అంటే ఆంధ్ర వైపు వెంట్రుకల జాతిది, వచ్చిందనుకోండి. మొదటి తరం పిల్లల్లో నల్ల రక్తం సగం. ఆ పిల్లలను మళ్ళీ తెల్ల పొట్టేలుకే దాటిస్తే పావు. ఆ తర్వాత అరపావు. చూలు ఐదు నెలలు, ఆడపిల్ల ఏడాదిన్నర, రెండేళ్ళకు తొలి ఈత ఈనుతుంది. పదేళ్ళలో ఐదారు తరాలు తిరిగిపోతాయి. ఉన్ని అయితే అంత కాలం కూడా ఆగదు, మొదటి తరంలోనే పలచబడి వెంట్రుక కలుస్తుంది. అలా కలిసిన ఉన్ని వడకడానికి పనికిరాదు. ఒక్క గొర్రెను కూడా అమ్మకుండా, ఒక్క పొట్టేలును మార్చితే చాలు, పదేళ్ళలో మంద వేరే మంద అయిపోతుంది.

ఆ మార్పు ఒకేసారి రాలేదు. మొదటి దెబ్బ ఉన్నిని బాగు చేయాలన్న ఆలోచన నుంచే వచ్చింది. రాజస్థాన్‌లో అవికానగర్ దగ్గర కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ 1962లో మొదలైంది. ఆ కాలంలో దేశమంతా సన్న ఉన్ని కోసం విదేశీ పొట్టేళ్ళతో సంకరం చేయించారు. హైదరాబాద్ పక్కన మామిడిపల్లి ప్రభుత్వ క్షేత్రంలో కారిడేల్ అనే విదేశీ జాతి గొర్రెలను పెంచారు. సన్న ఉన్నికి పేరున్న విదేశీ జాతి మెరినో ఉన్ని పోగు మందం 20 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, దక్కనిది దానికి దాదాపు రెండింతలు. కాబట్టి దక్కనిది నాసిరకం అని తేల్చారు. గొంగడికి కావలసింది ఆ ముతక పోగే అన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. సన్న పోగుతో వాన ఆపే గొంగడి రాదు. చల్లని దేశాల జీవాలు పాలమూరు ఎండకు, ఆ నడకకు తట్టుకోలేవు కూడా. ఊళ్ళలో ఆ సంకరం పెద్దగా నిలవలేదు గానీ, మన గొర్రెలో ఏదో లోపం ఉందన్న మాట మాత్రం ఆఫీసుల్లో నిలిచిపోయింది.

రెండో దెబ్బ సంతలో తగిలింది. ఒకప్పుడు ముతక కంబళ్ళకు ప్రభుత్వ కొనుగోళ్ళు ఉండేవి. పానిపట్‌లో పాత బట్టల్ని చీల్చి మళ్ళీ వడికి నేసే చవక దుప్పట్లు వచ్చాయి. 1991 తర్వాత విదేశీ ఉన్ని సులువుగా దిగుమతి అయింది. ప్లాస్టిక్ కవరు కప్పుకుంటే వాన ఆగుతుంది, దాని ధర గొంగడి ముందు లెక్కలోకే రాదు. ఉన్ని అమ్మితే వచ్చే డబ్బు కంటే కత్తిరించే కూలి ఎక్కువైంది. ఒకప్పుడు ఉన్ని కోసం జీవాన్ని పెంచిన ఇంటివాళ్ళే ఇప్పుడు చేతి డబ్బు పెట్టి కత్తిరించి, ఆ ఉన్నిని చెట్టు కింద పారబోసి వస్తున్నారు. పారబోసే ఉన్ని ఏ రంగులో ఉంటే ఏంటి? ఆ ప్రశ్న వచ్చాక నల్ల పొట్టేలును ఏరి ఉంచుకోవడానికి ఉన్న పాత కారణం పోయింది.

మేత కూడా మారింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక, నల్లగొండలో ఎడమ కాలువ కింద వరి పెరిగింది. పాలమూరు మందలు ఎండాకాలం అటు నడిచి వెళ్ళి, కోసిన మళ్ళలో మంద కట్టి, ఎరువుకు బదులు వడ్లో, డబ్బో తెచ్చుకునేవి. ఆ దారుల్లోనే తూర్పు వైపు వెంట్రుకల గొర్రెల్ని మన కాపరులు దగ్గర నుంచి చూశారు. పొడుగ్గా ఎదుగుతుంది, కసాయికి ధర బాగా పలుకుతుంది, ఉన్ని కత్తిరించే ఖర్చు లేదు. వాళ్ళు ఆ పొట్టేలును కొనడంలో తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. బీళ్ళు తగ్గి, పత్తి చేలు పెరిగి, కొయ్య మేతే కరువైన చోట ఇల్లు గడవాలి కదా.

మూడో దెబ్బ 2017లో వచ్చింది. ఆ ఏడాది జూన్ 20న మొదలైన తెలంగాణ ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అప్పుడు యూనిట్ విలువ 1.25 లక్షలు, అందులో 75 శాతం సబ్సిడీ, కాపరి కట్టింది 31,250 రూపాయలు. గొల్ల కురుమల ఇళ్ళకు అంత పెద్ద సాయం అంతకుముందు అందలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే జీవాలను ఇతర రాష్ట్రాల నుంచి కొనాలన్నది నియమం. ఆంధ్ర నుంచి లారీల్లో నెల్లూరు రకాలు దిగాయి. ప్రయాణంలో, మేత మార్పులో చాలా చచ్చిపోయాయి, ఆ వార్తలు అప్పుడు అందరం చదివాం. బతికిన వాటితో పాటు ప్రతి యూనిట్‌కూ ఒక బయటి పొట్టేలు ఊళ్ళోకి వచ్చింది. నా దృష్టిలో ఆ పథకంలో రంగును మార్చింది ఆ ఇరవై ఒకటో జీవమే. మేత దగ్గర, నీళ్ళ దగ్గర మందలు కలుస్తాయి, పొట్టేలు హద్దులు చూడదు.

2019 పశుగణనలో తెలంగాణలో గొర్రెలు 1.91 కోట్లు. 2012లో 1.28 కోట్లే. దేశంలో మొదటి స్థానం మనదే. ఆ సంఖ్య చూసి అందరూ సంతోషించారు, నేను కూడా. ఎన్ని నల్ల పొట్టేళ్ళు మిగిలాయి అన్న లెక్క మాత్రం ఆ చర్చలో రాలేదు.

ఇక్కడ నెల్లూరు గొర్రె గురించి ఒక మాట. దానికీ పాత రంగులున్నాయి, పేర్లతో సహా. తెల్లగా ఉండి లేత మచ్చలున్నది పల్ల, ముఖం మీద, కాళ్ళ మీద నల్ల గుర్తులున్నది జోడిపి, ఎర్రగా ఉండేది దొర. తెలుపు మీద పెద్ద మచ్చలుండే మాచర్ల గొర్రె కృష్ణకు అటు గుంటూరు వైపు, ఇటు నల్లగొండ వైపు పెరుగుతుంది. ఈ మధ్య దాన్ని జాతీయ స్థాయిలో వేరే జాతిగా నమోదు చేశారు. ఆ రంగుల్ని కూడా ఎవరో గొల్లలు ఇలాగే ఏరి నిలబెట్టారు. ఇప్పుడు అన్నీ కలిసిపోతున్న మందల్లో నలుపుతో పాటు జోడిపి, దొర గుర్తులు కూడా చెదురుతున్నాయి. ఏ జాతో చెప్పలేని జీవాలు సంతల్లో ఎక్కువయ్యాయి. సూర్యాపేట దగ్గర పెద్దగట్టు జాతరకు వచ్చే మందల్ని నిలబడి చూసినా ఇది తెలుస్తుంది.

నిలబెట్టే ప్రయత్నాలు లేకపోలేదు. దక్కని గొర్రెల మేకల పెంపకందారుల సంఘం ఏళ్ళుగా ఈ మాట చెబుతోంది. గొంగడిని బ్యాగులుగా, చాపలుగా, చెప్పులుగా మార్చి నగరాల్లో అమ్మేవాళ్ళు వచ్చారు. ఇది మంచిదే, ఉన్నికి ధర వస్తే నలుపుకు మళ్ళీ కారణం దొరుకుతుంది. కానీ ఉన్ని కొనేవాళ్ళు ముందు పొట్టేలును చూడాలని నా కోరిక. నాలుగైదు నల్ల పొట్టేళ్ళతోనే జిల్లా అంతా నడిపితే దగ్గరి రక్తం కలిసి పిల్లలు బలహీనంగా పుడతాయి. ఊరికీ ఊరికీ మధ్య పొట్టేళ్ళను రెండేళ్ళకోసారి మార్చుకోవాలి. మక్తల్ పొట్టేలు కల్వకుర్తికి, అక్కడిది దేవరకొండకు. పాత కాపరులు చుట్టరికాల మీద ఈ పని చేసేవాళ్ళు.

అడ్డం వస్తున్నది చిన్న లెక్కే. మగ పిల్లలను మూడు నాలుగు నెలలకే అమ్మేస్తారు, ఇంటి ఖర్చు వెళ్ళేది దాంతోనే. ఉన్ని ఎలా పెరుగుతుందో, నలుపు నిలుస్తుందో ఎండకు గోధుమ రంగుకు తిరుగుతుందో ఆ వయసులో తెలియదు. ఏడాదిన్నర ఉంచితేనే అది విత్తనానికి పనికొస్తుందో లేదో చెప్పగలరు. ఆ ఏడాదిన్నర మేత, మందులు, ఈలోగా చస్తుందేమోనన్న టెన్షన్, అన్నీ కాపరివే. సబ్సిడీ 20 గొర్రెలకు ఇచ్చినట్టే, ఊరికి రెండు నల్ల పొట్టేలు పిల్లల్ని కసాయికి పోకుండా ఏడాదిన్నర ఆపినందుకు కాపరికి ఇవ్వవచ్చు. వచ్చే వానాకాలం ఈతల్లో మక్తల్ మందల్లో ఇంకా కొన్ని నల్ల పిల్లలు పుడతాయి. అవి సంక్రాంతికల్లా సంతకు చేరతాయి.