తెరచాప పడవలు, నావికుల ఇంటి పిల్లలు: అపోహలు - వాస్తవాలు

చెన్నై హార్బర్‌లో పిల్లలకు సెయిలింగ్ నేర్పిస్తాను. మా ఇల్లు రాయపురంలో. నాన్న, పెదనాన్న ఇద్దరూ తెరచాప పడవలు నడిపినవాళ్లే. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తెలుగువాళ్లు, ఊరి నుంచి వచ్చే చుట్టాలు ఎక్కువగా అనే మాటలు ఇవి.

అపోహ: నావికుల ఇంట్లో పుట్టినవాళ్లకు సముద్రమంటే భయం ఉండదు.

మా ఇంట్లో ధైర్యం కంటే ముందు చూడటం నేర్పారు. పడవ దించే ముందు నాన్న నీళ్ల వైపు చాలాసేపు చూసేవారు. గాలి తగిలిన చోట నీటి రంగు ముదురుతుంది, ఆ నల్లటి మచ్చ మన వైపు కదులుతూ వస్తుంది. అది వచ్చేలోపే తాడు ఎంత వదలాలో తేల్చుకోవాలి. రేవులో ఉన్న ఓడల జెండాలు ఎటు ఎగురుతున్నాయి, మబ్బు ఎక్కడ కమ్ముతోంది, అన్నీ చూసి కొన్నిసార్లు "ఇవాళ వద్దమ్మా" అని పడవకు మళ్లీ కవర్ కప్పేసేవారు. అలా వెనక్కి రావడం మా ఇంట్లో ఎవరికీ నామోషీ కాదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. అప్పుడు పోర్టులో హెచ్చరిక గుర్తు ఎగరేశారంటే ఇంక మాటల్లేవు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో భయపడేవాళ్ల గురించి నాకు టెన్షన్ లేదు. భయమే లేదనే పిల్లాడి మీద మాత్రం ఒక కన్ను వేసి ఉంచుతాను.

అపోహ: నావికుల ఇంటివాళ్లకు పడవలో కడుపులో తిప్పదు.

తిప్పుతుంది. కంటికి కనిపించే కదలికకూ, లోపలి చెవి పసిగట్టే కదలికకూ పొత్తు కుదరకపోతే ఎవరికైనా అంతే. బ్రిటిష్ నౌకాదళంలో పేరు మోసిన అడ్మిరల్ నెల్సన్‌కూ ఈ బాధ ఉండేది. దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలపమంటాను.

అపోహ: మెరీనా బీచ్‌లో అలలే అలా ఉంటే, చిన్న పడవ ఎలా నిలుస్తుంది?

మెరీనాలో లోతు తగ్గే చోట అలలు లేచి విరుగుతాయి. హార్బర్ లోపల రాతి గోడలు వాటిని ఆపేస్తాయి, పిల్లలు ముందు అక్కడే నేర్చుకుంటారు. 1870ల్లో ఆ గోడలు కట్టడం మొదలయ్యాక దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక అక్కడ ఆగిపోయి మెరీనా వెడల్పయింది. ఉత్తరాన మా వైపు మాత్రం ఇసుక అందక తీరం కోసుకుపోయింది. మా ఒడ్డున బండరాళ్లు పోసింది అందుకే.

అపోహ: గాలి ఎటు తోస్తే పడవ అటే పోతుంది.

ఎదురుగాలికి నేరుగా ఏ తెరచాప పడవా పోలేదు, నిజమే. కానీ గాలికి సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా పోగలదు. తెరచాప ఒక పక్కకు లాగుతుంటే పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగిన పలక పడవను పక్కకు జారనివ్వదు. తడి చింతగింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే ముందుకు జారినట్టు, పడవకు ముందుకే దారి దొరుకుతుంది. కాసేపు కుడికి, కాసేపు ఎడమకు తిప్పుకుంటూ గాలి వచ్చే వైపే చేరుకుంటాం.

అపోహ: పడవ తిరగబడితే అంతే సంగతులు.

పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ 2.3 మీటర్ల పడవ. లోపల గాలి సంచులు ఉంటాయి కాబట్టి మునగదు. పడవను కావాలనే తిరగేసి, మళ్లీ నిలబెట్టడం మొదట్లోనే నేర్పిస్తాం. లైఫ్ జాకెట్‌తో నీళ్లలో పడ్డ పిల్ల పడవను వదలకూడదు. చుట్టూ ఈదుకుంటూ వెళ్లి, అడుగున ఉన్న ఆ పలక పట్టుకుని దాని మీదికి బరువు వేస్తే పడవ మెల్లగా లేస్తుంది. తర్వాత పడవకు కట్టి ఉన్న డబ్బాతో నీళ్లు తోడాలి. కంగారు పడకుండా నీళ్లు తోడుతున్న పిల్లను చూస్తే నాకు కలిగే సంతోషం పతకం తెచ్చినప్పుడు కూడా కలగదు.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల ఆట.

సొంత పడవ కొనాలంటే ఖర్చే, దాచను. నేర్చుకోవడానికి సొంత పడవ అవసరం లేదు, క్లబ్బు పడవలు ఉంటాయి. విష్ణు శరవణన్ సైన్యంలో ఉంటూ సెయిలింగ్‌లో ఒలింపిక్స్ దాకా వెళ్లాడు.

అపోహ: రేవు ఊళ్లో, నావికుల ఇంట్లో పుడితేనే వస్తుంది.

మా చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ వేసవి శిబిరంలో మొదలుపెట్టింది. సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమే. 2023 ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్ రైతు బిడ్డ, నేర్చుకున్నది భోపాల్ చెరువులో. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు పిల్లల్ని ఇంత దూరం తీసుకురానక్కర్లేదు, హుస్సేన్‌సాగర్‌లోనే నేర్పుతున్నారు.