ఆవకాయ ఉప్పు, 75 నంబరు తంటా

గుంటూరు నుంచి మా పిన్ని ఫోన్ చేసి "ఏరా, ఆవకాయలో ఆర్సెనిక్ ఉందని వాట్సాప్‌లో తిరుగుతోంది, ఎవరో మెషీన్లో పెట్టి చూశారంట, నిజమేనా?" అని అడిగింది. ఆ రిపోర్ట్ చూడకుండా అవుననీ కాదనీ అనలేను గానీ, ఉప్పు ఎక్కువున్న శాంపిల్ దగ్గర ఆ మెషీన్ ఎలా పొరపడుతుందో మాత్రం చెప్పి తీరాలి, కెమిస్ట్రీలో నాకు ఇంత ఇష్టమైన సంగతి ఇంకోటి లేదు.

మెషీన్ పేరు ఐసీపీ-ఎంఎస్. పచ్చడిని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, సన్నటి తుంపరగా చేసి ఆర్గాన్ ప్లాస్మాలోకి వదుల్తారు, అక్కడ వేడి 6000 నుంచి 10000 కెల్విన్, సూర్యుడి పైభాగం కంటే ఎక్కువ. అన్నీ విడిపోయి అయాన్లయిపోతాయి, వాటిని బరువు చూసి ఏరి లెక్కపెడతారు. పీపీబీల్లో లెక్క, అంటే వెయ్యి టన్నుల మిర్చిలో ఒక్క గ్రాము!

ఇంటర్లో క్లోరిన్ 35, 37 అని బట్టీ పట్టించి వదిలేస్తారు, అసలు మజా అక్కడే ఉందని ఒక్క లెక్చరరైనా చెబితే ఎంత బాగుండేదో. ఆర్సెనిక్‌కి ప్రకృతిలో ఉన్నది ఒకటే ఐసోటోపు (అంటే ఒకే మూలకంలో బరువును బట్టి వేరయ్యే రకం), 75. ఆర్గాన్ 40, ఉప్పులోని క్లోరిన్ 35, ఈ రెండూ ప్లాస్మా చల్లబడే చోట జతకడితే అదీ 75! నిక్కచ్చిగా తూస్తే ఆర్సెనిక్ 74.922, ఈ జంట 74.931, ఆ తేడా మామూలు క్వాడ్రుపోల్‌కి, అంటే మెషీన్లో బరువు చూసి అయాన్లను ఏరే భాగానికి, ఆనదు.

దీనికి విరుగుడు హీలియం. దసరా ముందు విజయవాడ బీసెంట్ రోడ్డు రద్దీ ఊహించుకోండి. ఒంటరి మనిషి సందు చూసుకుని దూరిపోతాడు, చేతులు పట్టుకుని నడిచే జంట మాత్రం ప్రతి భుజానికీ తగులుతుంది, తగిలినప్పుడల్లా వేగం పోతుంది. రోడ్డు చివర ఇంద్రకీలాద్రి మెట్లలాంటి ఎత్తు పెడితే? ఊపు మిగిలినవాడే ఎక్కుతాడు. మెషీన్ లోపల హీలియం నింపిన చిన్న గదిలో జరిగేది ఇదే, ఆర్గాన్-క్లోరిన్ జంట సైజులో పెద్దది కాబట్టి ఎక్కువ గుద్దుకుని నీరసపడుతుంది, చివర్లో చిన్న వోల్టేజీ గట్టు దాటలేక ఆగిపోతుంది. ఆర్సెనిక్ కూడా కొంత పోతుంది, కానీ దాటింది చాలావరకు ఆర్సెనిక్కే.

అందుకే పిన్నికి ఒకటే చెప్పా, ఆ రిపోర్ట్ దొరికితే హీలియం మోడ్‌లో చేశారా లేదా చూడమని.

ఇంకా అందమైన దారి ఒకటుంది, హీలియం బదులు ఆక్సిజన్ పెట్టడం. ఆర్సెనిక్ ఆక్సిజన్‌ని పట్టుకుని 75 నుంచి 91కి మారిపోతుంది, ఆ జంట అలా మారదు, 75 దగ్గరే ఉండిపోతుంది. 91లో జిర్కోనియం కూడా ఉంటుందిగా అంటారా? అందుకే గదికి ముందే ఇంకో క్వాడ్రుపోల్ పెట్టి, 75 బరువున్నవాటినే లోపలికి రానిస్తారు.