బొగ్గు ముదిరితే వజ్రమవుతుందా?

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్ బొగ్గు గనుల చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో బొగ్గు గురించి మాట వస్తే, ‘అదే ఇంకొన్ని యుగాలు భూమిలో ఉంటే వజ్రమయ్యేది’ అనేవారు ఉంటారు. అందమైన ఊహే కానీ నిజం కాదు. రెండింటిలోనూ ఉన్నది కర్బనమన్న మాట మాత్రం సరైనదే. 1797లో స్మిత్సన్ టెనంట్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త వజ్రాన్ని కాల్చి, వెలువడిన వాయువును కొలిచి ఆ సంగతి తేల్చాడు. వాటి చుట్టరికం అంతవరకే.

వయసు చూడండి. ఆ గనులున్న వార్ధా లోయ బొగ్గు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటి అడవులది. వజ్రాల్లో చాలావాటి వయసు 100 కోట్ల నుంచి 350 కోట్ల ఏళ్లు. నేలమీద మొక్కలు మొలవడం మొదలై 50 కోట్ల ఏళ్లయినా కాలేదు. మొక్కే లేని కాలంలో బొగ్గెక్కడిది?

వజ్రాలు ఎక్కువగా పుట్టేది ప్రాచీన ఖండాల అడుగున, 150 కిలోమీటర్లకు పైగా లోతులో. అక్కడ వేడి సుమారు 900 నుంచి 1,300 డిగ్రీల సెల్సియస్. ఒత్తిడి మన వాతావరణానిదానికి దాదాపు 50 వేల రెట్లు. శిలల సందుల్లో కదిలే ద్రవాలలోని కర్బనం అక్కడ స్ఫటికంగా పేరుకుంటుంది. ప్రతి పరమాణువూ నాలుగు దిక్కులా నలుగురు పొరుగువారిని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు వల్లే వజ్రానికి అంత కాఠిన్యం. రాగికి సుమారు అయిదు రెట్లు వేడిని ప్రసరింపజేసే గుణమూ దానివల్లే.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది వజ్రం పైకి వచ్చే తీరు. కింబర్లైట్ అనే శిలాద్రవం వాయువులతో పొంగి, గంటల్లోనో కొద్ది రోజుల్లోనో దాన్ని పైకి మోసుకొస్తుంది. ఆ వేడిలో నింపాదిగా వస్తే దారిలోనే అది గ్రాఫైట్‌గా, అంటే పెన్సిల్ ములుకులో వాడే పదార్థంగా మారిపోతుంది.

తర్వాత వానలకు శిల అరిగి, వజ్రాలు వాగుల కంకరలో చేరతాయి. తెలుగు మాట్లాడే సిరోంచా ఉన్న గడ్చిరోలి జిల్లాలోనే, ఉత్తరాన వైరాగఢ్ ఉంది. అక్కడి వజ్రాల గనిని అక్బరు కాలపు గ్రంథం ‘ఐనీ అక్బరీ’ ప్రస్తావించింది.

దొరికిన రాయి వజ్రమో కాదో తెలుసుకోవడానికి సుత్తితో మాత్రం కొట్టకండి. గీతలు పడనిది పగలదని కాదు. కొన్ని తలాల వెంబడి వజ్రం సులువుగా చీలుతుంది. నగల దుకాణంలోని పరికరం, రాయి వేడిని ఎంత వేగంగా లాక్కుంటుందో చూస్తుంది. వజ్రంలా కనిపించే మోయిసనైట్ అనే వేరే రాయి ఆ పరీక్షలోనూ నెగ్గుతుంది కాబట్టి, దాన్ని పట్టుకోవడానికి విద్యుత్ ప్రసారాన్ని కూడా చూస్తారు.