నిద్రపోని మూల: చెవిలో హోరుకీ నిద్రకీ ఉన్న లంకె

"రాత్రి సరిగ్గా నిద్రపట్టకపోతే మర్నాడు చెవిలో హోరు బాగా పెరుగుతోంది. ఇది నిజమా, నా భ్రమా?" అని ఒక పాఠకురాలు అడిగారు. దాంతోపాటే ఇంకో ప్రశ్న వేశారు: మధ్యాహ్నం కాసేపు కునుకు తీసి లేచినా హోరు పెరుగుతుందేం? నిద్ర లేకపోయినా పెరిగి, నిద్రపోయినా పెరిగితే ఇక మనిషి ఏం చెయ్యాలి?

రెండూ నిజమే, చాలామందికి అనుభవమే. మొదటి ప్రశ్నకి "అలసట, టెన్షన్" అని ఒక్క ముక్కలో జవాబు చెప్పి పంపించేయొచ్చు. రెండోదానికి అలా కుదరదు. దాని వెంట పోతే మెదడు నిద్రపోవడం అంటే అసలేం జరుగుతుందో, అది మొత్తం ఒకేసారి నిద్రపోతుందో లేదో తేల్చుకోవాల్సి వస్తుంది. నాకు ఆసక్తి ఉన్నది అక్కడే, అందుకే కర్ణభేరి, చెవిలోని మూడు చిన్న ఎముకలు లాంటి పాఠ్యపుస్తకపు సంగతులన్నీ వదిలేస్తున్నాను.

ఒక్క విషయం మాత్రం వదలకూడదు. వైద్యులు టిన్నిటస్ అనే ఈ హోరు ఎక్కువమందిలో చెవితో మొదలైనా చెవిలో ఉండదు. పెద్ద శబ్దాల వల్లో, వయసు వల్లో లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే రోమ కణాలు కొన్ని చచ్చిపోతాయి, మనుషుల్లో అవి మళ్ళీ పుట్టవు. ఆ కణాలు చూసుకునే స్వరస్థాయి నుంచి మెదడుకి కబురు రావడం తగ్గిపోతుంది. మెదడు ఊరుకోదు, అందుతున్న కాస్త సంకేతాన్నీ పెంచి చూపించడానికి తన వాల్యూమ్ తనే పెంచుకుంటుంది. అలా పెంచినప్పుడు, శబ్దం లేనప్పుడు కూడా నాడీకణాలు వాటంతటవి చేసే చిటపటలు కూడా పెద్దవై వినపడతాయి. కణితి తీసే ఆపరేషన్‌లో వినికిడి నాడిని కోసేయాల్సి వచ్చిన రోగుల్లో చాలామందికి ఆ తర్వాత కూడా హోరు ఆగలేదు. తీగ తెగాక కూడా మోగుతోందంటే ఆ మోత పుడుతున్నది తీగకి అవతలే. బడిలో శబ్దం బయటినుంచి లోపలికి వెళ్ళే దారి మాత్రమే చెబుతారు, వినడంలో సగం పని మెదడే సొంతంగా కల్పిస్తుందని చెప్పరు. ఆ సగం తెలియకపోవడం వల్లే చాలామంది ఏళ్ళ తరబడి చెవిలో చుక్కలు వేసుకుంటూ తిరుగుతారు. చెవులు గింగురుమంటే ఎక్కడో ఎవరో మన గురించి మాట్లాడుకుంటున్నారనే నమ్మకాన్ని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు. రెండు వేల ఏళ్ళయినా ఆ నమ్మకం పోలేదు, మోత లోపలిదేనన్న కబురు మాత్రం ఇంకా అందరికీ చేరలేదు.

ఇక అసలు విషయం. మెలకువగా ఉన్న మెదడుని వెయ్యిమంది కూర్చున్న హాలు అనుకోండి. ఎవరి మాటలు వాళ్ళవి, ఒకరు ఆపినప్పుడు ఇంకొకరు మొదలుపెడతారు, మొత్తం మీద ఎడతెగని గోల. గాఢ నిద్ర మొదలవగానే ఆ హాల్లో ఒక విచిత్రం జరుగుతుంది. అందరూ ఒక్కసారిగా మాట్లాడతారు, ఒక్కసారిగా నోరు మూసుకుంటారు, మళ్ళీ ఒక్కసారిగా మాట్లాడతారు. దాదాపు సెకనుకొకసారి ఇలా జరుగుతుంది, ఒక్కో మౌనం సెకనులో కొద్ది వంతు ఉంటుంది. తలమీద అతికించిన ఎలక్ట్రోడ్లలో కనిపించే పెద్ద పెద్ద నెమ్మది తరంగాలు ఇవే. మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో లక్షల కణాలు కూడబలుక్కున్నట్టు ఒకేసారి మూగబోతే తప్ప అంత పెద్ద అల పైకి కనపడదు.

ఇప్పుడు ఆ హాల్లో ఒక మూల పదిమంది ఉన్నారు. వాళ్ళకి బయటినుంచి కబురు ఆగిపోయింది, అయినా (నిజానికి అందువల్లే) ఆపకుండా ఒకే కూత కూస్తున్నారు. అదే హోరు. మిగతా తొమ్మిది వందల తొంభైమంది మూగబోయిన క్షణంలో ఈ పదిమంది ఏం చేస్తారు? ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కార్టెక్స్‌లో ఏ కణమూ సొంత బలంతో ఎక్కువసేపు మోగలేదు, దానికి వచ్చే ప్రేరణలో చాలా భాగం చుట్టుపక్కల కణాలదే. ఇరుగుపొరుగు అంతా ఆపేస్తే ఆ మూలకీ సత్తువ అందదు. కాబట్టి అల తగినంత బలంగా ఉంటే ఆ పదిమందీ దాంతోపాటు కొట్టుకుపోతారు, నోళ్ళు మూతపడతాయి. అల బలహీనంగా ఉంటే మాత్రం మూల గెలుస్తుంది. హాలంతా నిద్రలో ఉన్నా ఆ ఒక్క మూల మెలకువగా ఉండిపోతుంది, పక్కవాళ్ళని కూడా లేపుతుంది.

ఇది నా ఊహ కాదు. 2022లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లినస్ మిలిన్‌స్కీ, వ్లాదిస్లావ్ వ్యాజోవ్‌స్కీ, వాళ్ళ సహచరులు ఒక సమీక్షా వ్యాసంలో ఈ ఆలోచననే ముందుకు తెచ్చారు: గాఢ నిద్ర తరంగాలు హోరుని తాత్కాలికంగా అణచగలవు, హోరు కూడా ఆ తరంగాలని చెడగొట్టగలదు. అదే బృందం 2024లో ఫెరెట్లనే చిన్న జంతువుల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. పెద్ద శబ్దానికి గురయ్యాక హోరు లక్షణాలు కనబరిచిన జంతువులకి నిద్ర కూడా చెడింది. మెలకువలో శబ్దాలకి అతిగా స్పందిస్తున్న వాటి మెదళ్ళు నిద్రలో ఉన్నప్పుడు ఆ అతిని తగ్గించుకున్నాయి. పరీక్షించిన జంతువులు కొద్దే, దీన్ని రుజువు అనడం తొందరపాటే అవుతుంది. కానీ దారి సరైనదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది, ఎందుకంటే అల బలం అనే ఒక్క లెక్కతో ఎన్నో అనుభవాలు విడివడతాయి.

అల బలం దేన్నిబట్టి ఉంటుంది? ఎంతసేపు మెలకువగా ఉన్నామన్నదాన్నిబట్టి. రోజంతా మేలుకున్నకొద్దీ నిద్ర ఒత్తిడి పోగవుతుంది, అందుకే రాత్రి మొదటి మూడో వంతులో నెమ్మది తరంగాలు ఎత్తుగా వస్తాయి. దాదాపు గంటన్నరకొకసారి తిరిగే నిద్ర చక్రాల్లో ఒక్కోటీ గడిచేకొద్దీ అవి పలచబడతాయి, తెల్లవారుజాముకి కలల నిద్ర, తేలిక నిద్ర ఎక్కువవుతాయి. అంటే రాత్రి మొదట్లో మూల ఓడిపోతుంది, చివర్లో గెలిచే అవకాశం పెరుగుతుంది. హోరు ఉన్నవాళ్ళు "పడుకోవడమే కష్టం" అని ఎంతగా అంటారో, "మూడింటికో నాలుగింటికో మెలకువ వస్తే ఇక మళ్ళీ పట్టదు" అని కూడా అంతగానే అంటారు. 2017లో ఫోన్ యాప్ సాయంతో 350 మంది రోజులో వేర్వేరు వేళల్లో తమ హోరుకి మార్కులు వేసుకున్న అధ్యయనం ఒకటి వచ్చింది. అర్ధరాత్రి నుంచి ఉదయం ఎనిమిది దాకా వేసిన మార్కుల్లో హోరు పెద్దగా, బాధ ఎక్కువగా ఉంది. చుట్టూ నిశ్శబ్దం ఉండడం దీనికి ఒక కారణం, కాదనను. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కాసేపు కూర్చోబెడితే 94 శాతం మంది ఏదో ఒక మోత వినపడిందన్నారు. కానీ ఉదయం ఎనిమిదింటికి అందరి చుట్టూ నిశ్శబ్దం ఉండదు కదా.

ఇప్పుడు మధ్యాహ్నపు కునుకు. అప్పటికి పోగైన నిద్ర ఒత్తిడి కొంచెమే. అల చిన్నది, మూలని అణచేంత బలం దానికి లేదు, పైగా ఆ నిద్రలోంచి అరకొరగా, అలలు పూర్తిగా తగ్గకముందే లేస్తాం. కునుకు తర్వాత హోరు పెరిగేవాళ్ళ మీద ఫ్రాన్స్‌లో ప్రత్యేకంగా పరిశోధనలు జరిగాయి, నిద్రలో కండరాలు, శ్వాస ఎలా ప్రవర్తిస్తాయన్నది కూడా అందులో చూస్తున్నారు. కండరాలకేం సంబంధమని అడగొచ్చు. మీకు హోరు ఉంటే ఇప్పుడే పళ్ళు గట్టిగా బిగించి ఐదు సెకన్లు వినండి, లేదా నుదుటికి అరచెయ్యి అడ్డుపెట్టి తలతో ముందుకి నెట్టండి. హోరున్నవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి దాని మోతో, శ్రుతో మారుతుంది. మెదడు కాండంలో వినికిడి నాడి మొదట చేరే డోర్సల్ కాక్లియర్ న్యూక్లియస్ అనే చోటికి దవడ నుంచీ మెడ నుంచీ స్పర్శ నాడుల తీగలు కూడా వస్తాయి. చెవి నుంచి కబుర్లు తగ్గినప్పుడు అక్కడి ఫ్యూజిఫామ్ కణాలు ఈ స్పర్శ తీగల మాట ఎక్కువగా వినడం మొదలుపెడతాయి. నిద్రలో పళ్ళు నూరేవాళ్ళకీ, మెడ వంకరగా పెట్టి కునికేవాళ్ళకీ లేవగానే హోరు ఎందుకు పెద్దదవుతుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

ఇంకాస్త లోతుకి వెళ్తాను, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఆ మూల నిద్రలో మెలకువగా ఉంటుందన్నాను కదా, మెలకువలో అది నిద్రపోతూ ఉండొచ్చు కూడా! 1999లో రొడోల్ఫో ఇనాస్ బృందం ప్రతిపాదించిన థాలమోకార్టికల్ డిస్‌రిథ్మియా అనే సిద్ధాంతం సారాంశం ఇది. చెవినుంచి ప్రేరణ తగ్గితే, చెవి కబుర్లని కార్టెక్స్‌కి అందించే థాలమస్ అనే మెదడు లోపలి భాగంలో వాటిని అందుకునే కణాల పొర విద్యుత్తు మామూలుకన్నా ఇంకా రుణంగా దిగిపోతుంది. అలా దిగితేనే టీ-రకం కాల్షియం ద్వారాలు తాళం తీసుకుని సిద్ధంగా కూర్చుంటాయి, ఏ చిన్న కదలిక వచ్చినా ఒక్కసారిగా తెరుచుకుంటాయి, కణం ఒంటరి సంకేతాలకి బదులు గుంపులు గుంపులుగా సంకేతాలు కక్కుతుంది, సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది సార్లు. గుంపులుగా కక్కడం నిద్రపోతున్న థాలమస్ పని. ఒక చిన్న ముక్క అలా నిద్ర లయలో పడితే, కార్టెక్స్‌లో దాని సరిహద్దున ఉన్న కణాలకి అంతవరకూ పక్కనుంచి వస్తున్న అదుపు తప్పిపోతుంది, అవి సెకనుకి ముప్పైకి పైగా లయతో చెలరేగుతాయి. మనకి వినపడేది ఆ సరిహద్దు గొడవ. ఈ సిద్ధాంతానికి మద్దతూ ఉంది, విమర్శలూ ఉన్నాయి. అయినా హోరుని ఒక శబ్దంగా కాక, తోటి మెదడుతో వేళ కుదరని ముక్కగా చూడడం నేర్పింది కాబట్టి నాకు విలువైనదే.

మెదడు ముక్కలు ముక్కలుగా నిద్రపోగలదా అన్న అనుమానం అక్కర్లేదు. 2011లో వ్యాజోవ్‌స్కీ, జూలియో టొనోనీ బృందం ఎలుకలని చాలాసేపు మేలుకొల్పి ఉంచితే, కళ్ళు తెరుచుకుని తిరుగుతున్న ఎలుక కార్టెక్స్‌లో కొన్ని కణాలు ఉండుండి మూగబోవడం కనిపించింది.

కలల నిద్ర సంగతి వేరే కథ. అప్పుడు మెదడు దాదాపు మెలకువంత చురుగ్గా ఉంటుంది, నెమ్మది తరంగాలు ఉండవు, నేను చెప్పిన లెక్క ప్రకారం హోరు తిరిగి రావాలి. కానీ హోరున్నవాళ్ళని అడిగితే చాలామంది కలల్లో అది వినపడదంటారు. ఈ చిక్కు పూర్తిగా వీడలేదు. కలలో మెదడు బయటి కబురుకి ఎదురుచూడటం మానేసి తన కథ తను చెప్పుకుంటుంది కాబట్టి, లోటు పూడ్చే అవసరమే ఉండదన్నది ఒక వివరణ.

మొదటి ప్రశ్నకి ఇప్పుడు జవాబు తేలికవుతుంది. ఎక్కువసేపు మేలుకున్నకొద్దీ మనిషి కార్టెక్స్ ఇంకా ఇంకా ఉద్రిక్తమవుతుందని, తలమీద అయస్కాంత స్పందనలిచ్చి కొలిచిన ప్రయోగం 2013లో చూపించింది. నిద్రలేని రాత్రి అంటే ఇప్పటికే వాల్యూమ్ పెరిగి ఉన్న మూలకి ఇంకాస్త పెంపు. దీనికి భయం తోడవుతుంది. 2007లో ఒక ప్రయోగంలో సుమారు 35 గంటలు నిద్ర లేకుండా ఉంచినవాళ్ళకి బాధాకరమైన చిత్రాలు చూపిస్తే, భయాన్ని చూసుకునే అమిగ్డలా స్పందన నిద్రపోయినవాళ్ళకన్నా 60 శాతం ఎక్కువగా ఉంది. బయటి శబ్దంతో సరిచూసి కొలిస్తే ఎంతో పెద్దదనిపించే హోరు కూడా తరచుగా ఆ మనిషి వినగలిగే కనీస స్థాయికి ఐదో పదో డెసిబెల్స్ మాత్రమే పైన ఉంటుంది. అంత చిన్న తేడా మనిషిని రాత్రంతా కూర్చోబెట్టగలుగుతోందంటే, ఆ బాధలో కొంత భాగం అమిగ్డలా కలిపినదై ఉండొచ్చు. ఆ బాధ కల్పితం అని కాదు నా ఉద్దేశం. "నీ భ్రమ, పట్టించుకోకు" అని రోగిని పంపేసే వైద్యులని చూస్తే నాకు కోపం వస్తుంది, అమిగ్డలా కలిపినది కూడా మెదడులో జరిగిన నిజమైన పనే.

నిద్రలేమికి చేసే ప్రవర్తన చికిత్స (మందులు లేనిది, మంచం మీద మెలకువగా గడిపే సమయాన్ని తగ్గించి నిద్ర ఒత్తిడిని పోగుచేసేది) హోరున్నవాళ్ళకి మేలు చేస్తుందంటే నాకు ఆశ్చర్యం లేదు, అది అల ఎత్తు పెంచే పద్ధతే. చాలా నిద్రమాత్రలు దీనికి ఎదురు పనిచేస్తాయి. బెంజోడయజెపీన్ రకం మందులు నిద్రపుచ్చుతాయి గానీ నెమ్మది తరంగాలని తగ్గిస్తాయి. వాటిని సొంతంగా మొదలుపెట్టడం ఎంత తప్పో, వాడుతున్నవాటిని సొంతంగా ఆపేయడం అంతకన్నా ప్రమాదం. ఒకే చెవిలో హోరు, గుండె చప్పుడుతో కలిసి కొట్టుకునే హోరు ఉంటే పరీక్ష చేయించుకోవాలి. ఉన్నట్టుండి వినికిడి తగ్గి హోరు మొదలైతే మాత్రం రోజులు గడవనివ్వకుండా వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి, ఆలస్యమైనకొద్దీ చికిత్స ఫలితం తగ్గుతుంది.

ఇక నేను ఎదురుచూస్తున్న ప్రయోగం ఒకటుంది. 2013లో జర్మనీలో యాన్ బోర్న్ బృందం నిద్రపోతున్నవాళ్ళ మెదడు తరంగాన్ని అప్పటికప్పుడు చదువుతూ, అల సరిగ్గా పైకి లేచే క్షణంలో 50 మిల్లీసెకన్ల చిన్న శబ్దం వినిపించింది. తర్వాతి అలలు ఇంకా ఎత్తుగా లేచాయి, మర్నాటికి జ్ఞాపకశక్తి కూడా మెరుగైంది. హోరున్నవాళ్ళలో ఇలా అలలు పెంచితే మూల అణుగుతుందా, అణిగితే మర్నాడు పగలు ఎంతసేపు అలా ఉంటుంది? ఇందులో ఇబ్బంది లేకపోలేదు. శబ్దం వెళ్ళాల్సింది దెబ్బతిన్న దారిలోనే. అయితే హోరున్నవాళ్ళలో ఎక్కువమందికి దెబ్బతినేది హెచ్చు స్వరాల వైపే, తగ్గు స్వరాల దారి బాగానే ఉంటుంది. గుమ్మనే తగ్గు శబ్దాలతో ఆ ప్రయోగం చెయ్యడానికి అడ్డేమీ కనపడదు.