మొదటి సిక్కులు: బస్సులో నన్ను అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి బీదర్, నాందేడ్ వెళ్లే యాత్రలకు గైడ్‌గా పనిచేస్తాను. బస్సు జహీరాబాద్ చేరేలోపే ప్రశ్నలు మొదలవుతాయి. ఎక్కువగా వినబడేవి ఇవి.

అపోహ: సిక్కులు మొదటి నుంచీ సైనికులే.

వాస్తవం: సిక్కు మతాన్ని స్థాపించిన గురునానక్‌ను (1469–1539) ముందుగా నమ్మినవాళ్లలో కత్తి పట్టినవాళ్లు దాదాపు కనబడరు. తొలి సిక్కు ఆయన అక్క బేబే నానకీ అని సంప్రదాయం చెబుతుంది. సైద్‌పూర్‌లో ఆయనకు అన్నం పెట్టిన లాలో వడ్రంగి. చివరి ఏళ్లలో నానక్ కూడా కర్తార్‌పూర్‌లో వ్యవసాయం చేసుకుంటూనే బతికారు. 1606లో జహంగీర్ పాలనలో ఐదో గురువు అర్జన్‌ను లాహోర్‌లో చంపాక, ఆయన కొడుకు హర్‌గోబింద్ ఆయుధం పట్టారు. అప్పటికి నానక్ పోయి అరవై ఏళ్లు దాటింది.

అపోహ: అందరి పేరులోనూ సింగ్ ఉండేది.

వాస్తవం: అది 1699లో ఖాల్సా (దీక్ష తీసుకున్న సిక్కుల సమూహం) ఏర్పడ్డాక వచ్చిన మాట. అంతకుముందు బాబా బుడ్ఢా, భాయీ గుర్దాస్ లాంటి పేర్లే. బుడ్ఢా అంటే ముసలివాడు, ఆ పేరు వెనక ఒక ముచ్చట ఉంది. పశువులు కాసుకునే పిల్లాడు చావు గురించి మాట్లాడుతుంటే, ముసలాడిలా మాట్లాడుతున్నావే అన్నారట నానక్. ఆ పేరే ఉండిపోయింది. 1604లో హర్‌మందిర్ సాహిబ్‌కు (అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం) మొదటి గ్రంథీ, అంటే పవిత్ర గ్రంథాన్ని చదివే బాధ్యుడు, ఆయనే.

అపోహ: మర్దానా గురువుగారి పనివాడు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు చిరాకే. మర్దానా నానక్ ఊరివాడే, ముస్లిం, రబాబ్ అనే తీగల వాద్యం వాయించేవాడు. నానక్ పాడితే ఆయన వాయించేవాడు, దేశమంతా కలిసి తిరిగారు. 1947 విభజన దాకా హర్‌మందిర్ సాహిబ్‌లో ముస్లిం రబాబీలు కీర్తన చేశారంటే ఆ పరంపర ఎంత దూరం వచ్చిందో చూడండి.

అపోహ: ఆడవాళ్ల ఊసే లేదు.

వాస్తవం: రెండో గురువు అంగద్ భార్య మాతా ఖీవీ పేరు సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లోనే ఉంది. ఆమె లంగర్‌లో (అందరికీ ఉచితంగా అన్నం పెట్టే వంటశాల) నెయ్యి వేసిన పాయసం వడ్డించేదని సత్తా, బల్వండ్ అనే గాయకులు పాడారు.

అపోహ: తొలి ఖాల్సా అంతా పంజాబీలే.

వాస్తవం: దీనికి జవాబు బీదర్‌లో దిగాకే చెబుతాను. 1699 వైశాఖికి ఆనంద్‌పూర్‌లో పదో గురువు గోబింద్ కత్తి దూసి, తల ఇచ్చేవారెవరని అడిగారు. ఒకరి తర్వాత ఒకరు ఐదుగురు లేచారు. దయారామ్‌ది లాహోర్. ధరమ్‌దాస్ హస్తినాపురం జాట్. హిమ్మత్ పూరీ జగన్నాథం నుంచి వచ్చినవాడు, నీళ్లు మోసే కులం. మొహకమ్ ద్వారకలో బట్టలకు అద్దకం వేసేవాడు. ఐదోవాడు సాహిబ్ చంద్, ఈ బీదర్ క్షురకుల ఇంటివాడు. అంటే మన పక్క ఊరివాడే! దీక్షగా అమృతం (మంత్రించిన తీపి నీళ్లు) తాగి ఐదుగురూ సింగ్‌లయ్యారు, తర్వాత గురువే వాళ్ల చేత అమృతం తీసుకున్నారు.

బీదర్ సాహిబ్ సింగ్ చమ్‌కౌర్ యుద్ధంలో, పంజాబ్ నేల మీద ప్రాణం విడిచాడు. లాహోర్ దయా సింగ్ గురువుగారితో దక్కన్ వచ్చి నాందేడ్‌లో కన్నుమూశాడు. మా బస్సు సాయంత్రానికి అక్కడికే వెళ్తుంది.