కియాంతి వైన్: టేబుల్ దగ్గర వినిపించే అపోహలు, అసలు సంగతులు

రెస్టారెంట్‌లో వైన్ సర్వీస్ చూసుకోవడం నా పని. ఇటలీ రెడ్ వైన్ అనగానే ఎక్కువ మంది అడిగేది కియాంతి. దాని మీద ఉన్నన్ని అపోహలు మరే వైన్ మీదా లేవు.

అపోహ: కియాంతి అంటే బారన్ రికాసోలి ఫార్ములా, అందులో తెల్ల ద్రాక్ష కలపాల్సిందే.

బెత్తినో రికాసోలి మామూలు మనిషి కాదు. 1861లో మొదటి ప్రధాని కవూర్ చనిపోయాక ఇటలీ ప్రధానమంత్రి అయ్యాడు. ఆ రాజకీయాలు ఒకపక్క, టస్కనీ ప్రాంతంలోని గయోలేలో తమ బ్రోలియో కోట చుట్టూ ఉన్న ద్రాక్షతోటల్లో ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు మరోపక్క. ఆ అనుభవమంతా 1872లో పీసా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ చేజరె స్తుదియాతికి ఉత్తరంలో రాశాడు. వాసనకీ బలానికీ సాంజోవేసె, దాని కరకుదనం తగ్గించడానికి కనయోలో, ఈ రెండూ నల్ల ద్రాక్షలే. తెల్ల ద్రాక్ష మల్వాజియా మాత్రం రోజూ భోజనంతో తాగేసే తేలికపాటి వైన్‌కి పనికొస్తుందని, ఏళ్ల తరబడి నిల్వ పెట్టే వైన్‌లో అది లేకపోయినా పర్లేదని ఆయన ఉద్దేశం. ఈ చివరి ముక్కే ఎవరికీ గుర్తు లేదు!

1967లో వచ్చిన డి.ఓ.సి. (ఏ ప్రాంతం వైన్ ఎలా తయారవ్వాలో చెప్పే ఇటలీ ప్రభుత్వ గుర్తింపు) నిబంధనలైతే తెల్ల ద్రాక్ష 10 నుంచి 30 శాతం ఉండి తీరాలన్నాయి, పైగా ఆయన ఆ ఫార్ములాలో ఊసే ఎత్తని త్రెబ్బియానో అనే తెల్ల ద్రాక్షని కూడా రానిచ్చాయి. త్రెబ్బియానో కాపు దండిగా ఉంటుంది, రుచి అంతంతమాత్రం. దాంతో పల్చటి, పుల్లటి కియాంతి మార్కెట్‌ని ముంచెత్తి పేరు పోగొట్టింది, తిట్లు మాత్రం పోయిన బారన్‌కి పడ్డాయి. పట్టుదల ఉన్న కొందరు అసలు లేబుల్ మీద కియాంతి పేరే తీసేసి, కాగితాల ప్రకారం మామూలు టేబుల్ వైన్‌గా, ధరలో మాత్రం అందరికంటే పైన అమ్ముకున్నారు. అంతినోరి కుటుంబం తయారుచేసే ‘తిన్యానెల్లో’ అనే వైన్ అలా వచ్చిందే. 1984లో తెల్ల ద్రాక్ష వాటా బాగా తగ్గించారు, 2006 నుంచి కియాంతి క్లాసికోలో (పాత కియాంతి ప్రాంతం వైన్) పూర్తిగా నిషేధించారు. ఇప్పుడు అందులో కనీసం 80 శాతం సాంజోవేసె ఉండాలి, నూటికి నూరు శాతం అదే వాడినా అభ్యంతరం లేదు.

అపోహ: బ్రోలియోలో దాదాపు 900 ఏళ్లుగా ఒకే కుటుంబం, ఒకే వైన్.

కోట 1141 నుంచి రికాసోలి వంశం చేతిలో ఉందన్నది నిజం. వైన్ సంగతి వేరు. 1970లలో బ్రాండ్ బయటి కంపెనీల చేతికి వెళ్లింది, 1993లో ఫ్రాంచెస్కో రికాసోలి దాన్ని మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన అంతకుముందు ఫొటోగ్రాఫర్. వచ్చాక పాత తోటలు పీకించి కొత్త మొక్కలు నాటించాడు, ఏ నేల ఎలాంటిదో మ్యాప్ గీయించాడు, కొల్లెదిలా, రొంచికోనె లాంటి ఒక్కొక్క తోట వైన్‌ని విడిగా సీసాలో పట్టించాడు. నాకైతే 1141 కంటే ఈ పనే గొప్పగా అనిపిస్తుంది, కానీ అమ్ముడుపోయేది 1141 కథే.

అపోహ: గడ్డి అల్లిన బుడ్డిలో ఉంటేనే ఒరిజినల్.

గుండ్రటి అడుగున్న సీసా నిలబడదు, తగిలితే పగులుతుంది, అందుకని గడ్డి చుట్టేవాళ్లు. అంతే. లోపలి సరుకు గురించి అది ఏమీ చెప్పదు.

అపోహ: కియాంతి, కియాంతి క్లాసికో రెండూ ఒకటే.

కావు. 1716లో టస్కనీ పాలకుడు మూడో కోసిమో దె మెదిచి ఫ్లోరెన్స్, సియెనాల మధ్య కొండల్లో కియాంతి వైన్‌కి హద్దులు గీశాడు. పేరుకి గిరాకీ పెరిగేకొద్దీ చుట్టుపక్కల వాళ్లంతా అదే వాడుకున్నారు. 1932లో ప్రభుత్వం పెద్ద పరిధికి ఒప్పుకుని, పాత ప్రాంతానికి క్లాసికో అని చేర్చింది. సీసా మీది నల్లకోడి గుర్తు క్లాసికోది మాత్రమే. దాని లేబుల్ మీద రిజెర్వా అని ఉంటే కనీసం 24 నెలల నిల్వ, గ్రాన్ సెలెత్సియోనె అని ఉంటే 30 నెలలు.

అపోహ: రంగు పల్చగా ఉంటే నీళ్లు కలిపినట్టే.

సాంజోవేసెకి రంగే తక్కువ. గ్లాసు వంచి తెల్ల గుడ్డ మీద పట్టి చూడండి, మధ్యలో దానిమ్మ ఎరుపు, అంచున పాత ఇటుక ఛాయ కనిపిస్తుంది. ముందు పుల్లటి చెర్రీ, ఎండిన ఆకుల వాసన. గుక్క మింగగానే బుగ్గల్లో నీరూరుతుంది, వెంటనే చిగుళ్ల మీద పచ్చి జామపిందె కొరికినట్టు వగరు పట్టేస్తుంది. ఆ పులుపూ వగరూ లోపాలు కావు, కొవ్వున్న మాంసంతో, టమాటా సాస్‌తో అది అంత బాగా కుదిరేది వాటి వల్లే.

అపోహ: రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలి.

ఎవరి రూమ్? ఆ మాట పుట్టింది ఐరోపా చల్లటి ఇళ్లలో. మే నెల హైదరాబాద్‌లో ఏసీ లేని గదిలో పెట్టిన సీసా తెరిస్తే ముక్కుకి ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేదీ అందదు. 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టి ఆ మాత్రం చల్లబడ్డాక తియ్యండి. పక్కన మిరపకారం దట్టించిన వేపుడు మాత్రం వద్దు, వగరూ ఆల్కహాలూ కలిసి ఆ మంటని రెట్టింపు చేస్తాయి. మిరియాలు తగిలించి కాల్చిన మటన్ చాప్స్ అయితే భేషుగ్గా ఉంటుంది.